నాలుగో కన్ను

“ఇది కూడా కుదర్లేదమ్మా!” కండక్టరు భార్య అద్దాన్ని బల్లమీద బోర్లించింది.

కళ్లమ్మకు ముఖం చెల్లలేదు. కృత్రిమ కళ్లు చేస్తుందని ఆసుపత్రిలో అందరూ ఆమెను అలాగే పిలుస్తారు. మనిషిని ఎదురుగా కూర్చోబెట్టుకుని, మిగిలిన కంటిని చూస్తూ చిన్న బిళ్ల మీద ఒక్కో గీతా ఒక్కో చుక్కా దించుతుంది. దాన్ని అచ్చులో పెట్టి, సానపట్టి, బిగించేసరికి నెల పడుతుంది. పాతికేళ్లలో చెయ్యి తప్పలేదు. ఇప్పుడు వరసగా మూడోసారి.

క్యాన్సరు వచ్చి కండక్టరు కుడికన్ను తీసేశారు. రేడియేషనుకు కంటిగుంట ముడుచుకుపోతే, ఆపరేషను చేసి, పొట్ట దగ్గరి కొవ్వు పెట్టి గుంటను మళ్లీ నిలబెట్టారు.

“పొట్ట తగ్గించుకోమని ముప్పైయేళ్లు పోరింది మా ఆవిడ. తగ్గించి నెత్తికెక్కించుకున్నా,” అన్నాడు కండక్టరు.

“మీరూరుకోండి! కంటికట్టు చూసి మనవరాలు ఒళ్లోకి రావట్లేదని రోజూ కుమిలేదెవరు?” భార్య కసిరి, కళ్లమ్మ వైపు తిరిగింది. “డాక్టరుగారు అంతా బాగుంది, ఆరు నెలల దాకా రానక్కర్లేదన్నారు. ఆగింది మీ దగ్గరే. రంగు సరే, గీతలు సరే, ఎడమకంట్లో ఉన్న ఆ గోధుమరంగు మచ్చ దగ్గరే ప్రతిసారీ తేడా!”

“ఎప్పటి మచ్చో అది. పోనీలెద్దూ,” అన్నాడాయన.

“నా కళ్లద్దాలు మార్చాలేమో,” కళ్లమ్మ గొణిగింది. “కూర్చోండి. నాలుగోది ఇప్పుడే మొదలుపెడతాను.”

ఎక్కడ పొరపాటు పడుతోందో చూద్దామని సొరుగులోంచి పాత కళ్లు రెండూ తీసి, మూడోదాని పక్కన పెట్టింది. రంగు వేసిన తేదీ ప్రతిదాని వెనకా రాసి ఉంది. ఆ వరసలో పేర్చింది.

మొదటిదాంట్లో మచ్చ సూదిమొనంత. రెండోదాంట్లో గసగసంత. మూడోదాంట్లో ఆవగింజంత.

తలెత్తి ఆయన ఎడమకంట్లోకి చూసింది. అక్కడి మచ్చ మెంతిగింజంత ఉంది. చేతిలోని కుంచె అక్కడే ఆగిపోయింది.

“అంతసేపు చూడకండమ్మా, ఉన్న ఒక్కదానికీ దిష్టి తగులుతుంది,” కండక్టరు నవ్వాడు.

కళ్లమ్మ నవ్వలేకపోయింది. కుంచె బల్లమీద పెట్టేసింది.

“ఇంతకీ ఏది తప్పుగా వేశారో తేలిందా?” భార్య నిలదీసింది.

“మూడూ సరిగ్గానే వేశానమ్మా.”