గురువారం చెప్పుకున్న మాటలు

కొండలరావు జోగమ్మ గుమ్మం ముందు చేతులు జోడించి నిలబడ్డాడు. ఓటు మాటే ఎత్తలేదు.

"అమ్మా, మనవడికి ఆయాసం ఎలాగుంది? మరీ ఎక్కువౌతందట గదా" అన్నాడు.

"నీకెవలు సెప్పినారు బాబూ?" అంది జోగమ్మ. గోల్‌బజారులో బట్టల కొట్టు నడుపుకుంటూ వార్డు ఎలక్షన్లో నిలబడ్డ మనిషికి తన మనవడి ఆయాసం సంగతి ఎలా తెలిసింది?

"అంతా ఇంటర్నెట్టమ్మా. జనం కష్టాలన్నీ నాకు ఈమెయిల్లో వచ్చేస్తన్నాయి. మీరు అడగక్కర్నేదు, నేనే వస్తాను."

బెంగాల్లోని రైల్వే ఊరు ఖరగ్‌పూర్‌లోకి ఇంటర్నెట్ వచ్చిన కొత్త అది. అప్పటిదాకా ఎలక్షన్లంటే గోడల మీద రాతలూ, రిక్షాకి కట్టిన మైకూ. కొండలరావు మాత్రం మలంచా పేటలో విల్‌ఫ్రెడ్ కంప్యూటర్ షాపు ముందు బోర్డు కట్టించాడు. మీ కష్టం ఈమెయిల్ చెయ్యండి, ఖర్చు కొండలరావుది. ఇంకేముంది, ఓల్డ్ సెటిల్‌మెంట్ రైల్వే కాలనీ మగాళ్లందరికీ సాయంత్రాలు అక్కడే కాపురం. కాలవ కంపు కొడుతోందని ఒకడు, కుళాయి రావట్లేదని ఒకడు. ఆ కాలనీలోనే ఉండే సూసన్న మొగుడు తిమోతి వీధి దీపం గురించి రాసొచ్చాడు. మర్నాటికల్లా కొండలరావు సొంత డబ్బుతో బల్బు పెట్టించాడు. 'రేపు రా దాదా' అనే మునిసిపాలిటీ బాబుల ముందు ఏళ్ల తరబడి నిలబడ్డ జనానికి ఇది పండగ కాక మరేమిటి?

కానీ జోగమ్మ ఈమెయిల్ రాయలేదు. ఆమెకి సంతకమే రాదు. మనవడి సంగతి ఆమె చెప్పుకున్నది ఒకే ఒక్క చోట, గురువారం ప్రార్థన కూటంలో.

ఓల్డ్ సెటిల్‌మెంట్ తెలుగు క్రైస్తవ ఆడవాళ్ల కూటం అది. వారానికొకరి ఇంట్లో చాపలు పరుచుకుని కూర్చుంటారు. పాటలయ్యాక ఒక్కొక్కరూ తన కష్టం పైకి చెప్పుకోవాలి, మిగతావాళ్లు దానికోసం ప్రార్థించాలి. అక్కడ విన్నది గడప దాటకూడదు. ఆ ధీమాతోనే కన్నతల్లికి చెప్పుకోలేనివి కూడా అక్కడ చెప్పుకునేవారు.

ఆ వారమంతా కొండలరావు ఇల్లిల్లూ తిరిగాడు. కూటంలోని దేవమణి ఇంట్లో, కొడుకు పరీక్ష తప్పిన సంగతి కదిపాడు. కృపమ్మ ఇంటికొచ్చి, అత్తగారు వింటూండగానే, "మీ ఆయన సస్పెన్షన్ సంగతి నాకొదిలెయ్యండమ్మా. వర్క్‌షాపులో పెద్దోళ్లతో నే మాటాడతాను" అన్నాడు.

కృపమ్మ మొగుడు తాగి డ్యూటీకెళ్లి సస్పెండయ్యాడని ఆ ముసలావిడకి అప్పటిదాకా తెలీదు. రోజూ క్యారేజీ పట్టుకుని బయల్దేరుతున్న కొడుకుని చూసి మురిసిపోయేది పాపం. ఆ ఇంట్లో ఆ పూట పొయ్యి వెలగలేదు.

తర్వాతి గురువారం కూటంలో ఎవరూ పాట ఎత్తుకోలేదు.

"ఈ కొండలరావు అందరి గుమ్మాలూ ఎక్కినాడు. నీ గుమ్మం ఒక్కటే ఎక్కనేదు. ఎందుకే సూసన్నా?" అని అడిగింది కృపమ్మ.

ఆ అడిగింది మరెవరో అయితే సూసన్నకి అంత బాధ ఉండేది కాదు. కృపమ్మా తనూ ఒకరి పురుళ్లు ఒకరు పోసుకున్నవాళ్లు.

"బైబిలు మీద సెయ్యేసి సెప్తన్నాను. ఇక్కడ ఇన్నది దేవుడికి తప్ప ఇంకెవలికీ సెప్పనేదు."

"మరెవలు సెప్పినారు? గోడలా?" అంది కృపమ్మ. "నువ్వు ఇంక కూటానికి రావద్దు."

ఒక్కరూ అడ్డు చెప్పలేదు. సూసన్న పాటల పుస్తకం కొంగులో చుట్టుకుని లేచింది. ఇన్నేళ్లుగా ఆ కూటంలో పాట అందుకునే గొంతు ఆమెదే.

ఇంటికొచ్చి తిమోతి దగ్గర భోరుమంది.

"నువ్వు అలాటిదానివి కావని నాకు తెల్దేటి? ఏడవకు. నాల్రోజులు పోతే ఆళ్లే వస్తారు" అని మంచినీళ్లిచ్చాడు తిమోతి. లోకమంతా వేలెత్తి చూపినా తనని నమ్మే మనిషి ఇంట్లో ఒకడున్నాడు, అదే చాలనుకుంది.

నాల్రోజులు కాదు, రెండు వారాలు గడిచినా ఎవరూ రాలేదు. కుళాయి దగ్గర ఆమెని చూసి బిందెలు పక్కకి జరుపుకునేవారు. సూసన్న కూటం మానేసింది గాని ప్రార్థన మానలేదు. రోజూ దీపాలవేళ మోకాళ్లూని, ఎప్పట్లాగే కూటంలోని వాళ్లందరి పేర్లూ ఎత్తి, ఎవరి కష్టం వాళ్లది పైకే చెప్పి వేడుకునేది. చివర్లో తన కష్టం కూడా చెప్పుకునేది. 'కృపమ్మ సంసారంలో నిప్పులు పోసినవాళ్లెవరో నాకు చూపించు ప్రభువా' అని ఏడ్చేది.

పోలింగ్ దగ్గర పడింది. ఒక మధ్యాహ్నం, తిమోతి డ్యూటీలో ఉండగా, కొండలరావు సూసన్న గుమ్మం ఎక్కాడు.

ఆమె ప్రాణం లేచొచ్చింది. ఇప్పుడు తన గుమ్మం కూడా ఎక్కాడు. కుళాయి దగ్గర వాళ్లంతా చూస్తూనే ఉన్నారు. ఇంక కృపమ్మ ఏమంటుంది? గబగబా కుర్చీ తుడిచి వేసి, మంచినీళ్లు తెచ్చింది.

"మార్కెట్లో కొట్టు సంగతి నేను మర్సిపోనేదమ్మా. మీ ఆయన రిటైరయ్యే లోపల మీ పేర ఇప్పిస్తాను" అన్నాడు.

ఏ కొట్టో ఆమెకి అర్థం కాలేదు. ఎవరనుకుని ఎవరితో మాట్లాడుతున్నాడో అనుకుంది.

"కృపమ్మ గారికి కూడా నచ్చజెబుతాను. మీరింక దిగులెట్టుకోకండి. 'ఆళ్ల సంసారంలో నిప్పులు పోసినోళ్లెవరో సూపించు ప్రభువా' అని రోజూ ఏడస్తన్నారట గదా. ఈమెయిల్లో సదివి నాకే కళ్లంట నీళ్లొచ్చినాయి."

సూసన్న మంచినీళ్ల గ్లాసు అతనికివ్వకుండానే కింద పెట్టింది.

ఆ మాట ఆమె దేవుడికి తప్ప ఎవ్వరికీ చెప్పలేదు. చెప్పిన ప్రతి సాయంత్రం ఆమె పక్కనే మోకాళ్లూని 'ఆమేన్' అన్నది తిమోతి.