జింజర్ ఆకలి

జింజర్ మళ్ళీ తినలేదు.

ఫ్రిజ్‌లోంచి తీసి మంచు కరిగించి పెట్టిన చచ్చిన ఎలుక గాజు తొట్టెలో అలాగే పడి ఉంది. ఆర్విల్ దాన్ని పటకారుతో తీసి చెత్తబుట్టలో వేశాడు.

జింజర్ అతని భార్య వెర్నా పెంచుకున్న పాము. నారింజ రంగుది, విషం లేనిది. వెర్నాను మట్టి చేసి వచ్చిన రోజు నుంచి అది ఏదీ ముట్టలేదు. ఆర్విల్ తిండీ అంతంత మాత్రమే. తోడుగా ఉందామని అక్క లుడీన్ వచ్చి ఆ ఇంట్లోనే ఉంటోంది.

"బఠాణీల పక్కన ఎలకల పొట్లం పెడితే ఎవరికి తినబుద్ధేస్తుందిరా?" అంది లుడీన్. "దాని సంగతేమో గానీ, నీ ఫ్రిజ్ తెరిస్తే నా ఆకలి చచ్చిపోతోంది."

ఆర్విల్ నవ్వలేదు. "వెర్నా చేతిలోంచి తినేదక్కా. ఇదీ పోతే ఈ ఇంట్లో ఆమెది ఇంకేం మిగలదు."

ఆ సాయంత్రం మంచులోనే కారు తీసి, దుకాణం నుంచి చిన్న అట్టపెట్టె తెచ్చాడు. లోపల ఏదో గీకుతోంది.

లుడీన్ లేచి నిలబడింది. "బతికున్నదా?"

"కదిలేదైతే తింటుందన్నాడు కొట్టువాడు."

"చచ్చినవి పెట్టావు, ఊరుకున్నాను. ఇది నన్నే చూస్తోందిరా!"

"నువ్వు చూడకు."

"చర్చిలో పాటలు పాడే నోటితోనేనా ఆ మాట? పాపం, దానికి తిండయినా పెట్టారో లేదో."

"తిండికి మళ్ళీ తిండేమిటి? నిన్న రెండో కోడి తొడ అడిగి మరీ వేయించుకున్నావు. అప్పుడు లేదే ఈ దయ?"



ఆర్విల్ ఎలుకను తొట్టెలో వదిలాడు. తెల్లది. మూలకు పోయి నక్కింది. లోపల పెట్టిన దుంగ చాటున పాము తల కూడా ఎత్తలేదు.

"మనం చూస్తుంటే తినదు. వదిలెయ్. తొట్టె మీది ఆ వేడి దీపం మాత్రం ముట్టుకోకు. అది ఆరితే చలికి పాము కదల్లేక కట్టెలా పడి ఉంటుంది" అని చెప్పి పడుకోవడానికి వెళ్ళాడు.

లుడీన్ అక్కడే ఆగిపోయింది. కట్టెలా పడి ఉంటే ఎలుక జోలికి పోదు. పొద్దున్నే ఎలుకను దుకాణంలో తిరిగి ఇచ్చేయొచ్చు. పాముకు ఇంకో దారి చూడొచ్చు.

దీపం ఆర్పేసింది. మోకాళ్ళ మీద కూర్చుని ఆ చిన్న ప్రాణం కోసం ప్రార్థన చేసింది.

మర్నాడు తమ్ముడికంటే ముందే లేచింది. ఎలుక బతికే ఉంది. తీరిగ్గా మూతి తుడుచుకుంటోంది. లుడీన్ కళ్ళు చెమర్చాయి. దుంగ వైపు మాత్రం చూడలేదు. పామును చూస్తే ఆమెకు ఒళ్ళు జలదరిస్తుంది.

ఎలుకను అట్టపెట్టెలోకి తోసి గుప్పెడు ఓట్స్ వేసింది. అది వాసన కూడా చూడలేదు.

"బెదిరిపోయావా, నా తల్లీ" అంటూ పెట్టెను తన గదిలో దాచింది. దీపం మళ్ళీ వెలిగించింది.

ఆర్విల్ కాఫీ కప్పుతో వచ్చాడు. తొట్టెలో ఎలుక లేదు.

"అక్కా! తిన్నదా?"

నిజం చెబుదామనే నోరు తెరిచింది. అతని మొహం చూసింది. అంత్యక్రియల తర్వాత ఆ మొహంలో వెలుగు రావడం ఇదే.

"తినకపోతే ఎక్కడికి పోతుంది?" అంది.

అతను నవ్వాడు. నవ్వుతూనే ఏడ్చాడు. "తిన్నదే వెర్నా, తిన్నదే" అని గోడ మీది ఫోటోకు చెప్పాడు. "ఇవాళ నాకూ గుడ్లు వేయించక్కా. ఆకలేస్తోంది."

లుడీన్ పెనం పొయ్యి మీద పెట్టింది.

ఆర్విల్ తొట్టె మూత తీశాడు. దుంగ పక్కకు జరిపి, జింజర్‌ను రెండు చేతులతో వెలుతురులోకి ఎత్తాడు.

దాని వీపు పొడుగునా కొరికిన మాంసం పోయి ఎముక తెల్లగా తేలి ఉంది; రాత్రి కడుపు నిండా తిన్నది పాము కాదు, ఎలుక.