మొదటి గాటు

మార్చి వచ్చిందంటే ఉత్తర ధ్రువంలో మంచు ఎంత పేరుకుందో ఇంటింటి గోడకూ బిగించిన సర్కారు తెర చెబుతుంది. ఈసారీ చెప్పింది: "సముద్రపు మంచు సగటును మించింది. తీరంలో ఎవరూ ఇల్లు మారనక్కర్లేదు."

కింది గది సముద్రం పాలై, మేడ మీద చేపలు ఎండబెట్టుకుంటున్న కొర్లమ్మకు ఒళ్లు మండింది. సర్వేకొచ్చిన అధికారిణిని నిలదీసింది.

"ఏ యేళ్ల సగటమ్మా అది?"

"గత అయిదేళ్లది. పాత లెక్కలు తీసేశాం."

కొర్లమ్మ ఆమెను మెట్ల మీదుగా, నీళ్లలో సగం మునిగిన కింది గుమ్మం దాకా లాక్కొచ్చింది. ఏటా మార్చిలో పోటునీరు ఎంతవరకొస్తే అంతవరకు గుమ్మానికి గాటు పెట్టడం ఆ ఇంటి ఆనవాయితీ.

"మాయత్త ఎట్టిన మొదటి గాటు అడుగునుంది. వొంగి తడుము. అది సేతికి దొరికినాక సెప్పు, సగటు!"

అధికారిణి భుజం దాకా తడిసింది. గాటు మాత్రం అందలేదు.