మర్యాద బిళ్ళ

అందరూ చెవిలో మర్యాద బిళ్ళ పెట్టుకోవడం మొదలయ్యాక ఇళ్ళలో గొడవలు వినిపించడం లేదు. పప్పులో ఉప్పెక్కువైందని మావారు కసిరినా, నాకు "ఈరోజు పప్పు ప్రత్యేకంగా ఉంది" అనే వినపడుతుంది. ఏ భాషనైనా ఆ బిళ్ళ తెలుగులోకి మారుస్తుంది, తియ్యగా మార్చి మరీ.

మా అమ్మాయి హిమజ రాసిన శాంతి నాటకాన్ని తనూ, కైరోలో ఉండే యూసఫ్ కలిసి తెరమీదే వేస్తున్నారు. రేపే ప్రదర్శన. అతను మాత్రం తన పాత్ర చదవడమే లేదు.

"ఏం నచ్చలేదో చెప్పు యూసఫ్!" అంది హిమజ.

"అంతా అద్భుతంగా ఉంది," అన్నాడతను తెరమీద. కళ్ళు మాత్రం ఎర్రబడి ఉన్నాయి.

"చూడమ్మా, వారంగా ఇదే వరస! అద్భుతమైతే చెయ్యడానికేం?"

"ఆ బిళ్ళ తీసి వినవే," అన్నాను బెండకాయలు తరుగుతూ.

ఇద్దరం తీశాం. యూసఫ్ గొంతు చించుకుని అరుస్తున్నాడు. ఒక్క ముక్కా అర్థం కాలేదు. చేతిలోని పేజీని మాత్రం వేలితో పొడుస్తున్నాడు. రంజాన్ నెలలో, మిట్టమధ్యాహ్నం, అతని పాత్రకు పులిహోర తినిపించే సన్నివేశం అది.

హిమజ తల పట్టుకుంది. "ఉపవాసంలో తినిపించానా! ముందే చెప్పొచ్చుగా!"

"చెబుతూనే ఉన్నాడే పాపం, వారంగా."

హిమజ తన దగ్గరున్న అదే పేజీ చింపి తెరకు చూపించింది. యూసఫ్ అరుపు ఆగింది. కళ్ళు తుడుచుకుని, ఇంకో పేజీ తీసి, దాన్నీ వేలితో పొడుస్తూ మళ్ళీ అరవడం మొదలుపెట్టాడు. హిమజ బిళ్ళ పెట్టుకోకుండానే కుర్చీని తెర దగ్గరికి జరుపుకుంది.