తర్జనభర్జన

ఒక కోళ్లదొడ్డిలోకి కొత్తగా ఓ తెల్లబాతు వచ్చి చేరింది. మూలనున్న గడ్డిలో గుడ్లు పెట్టి పొదుగుతోంది. ఓ పొద్దున నీళ్లకని లేచినప్పుడు, దడి అడుగున ముంగిస తవ్విన కన్నం కనబడింది.

"అక్కా, ఈ కన్నం పూడ్చేద్దామా?" అని ఎర్రకోడిని అడిగింది.

"అలా తొందరపడకూడదమ్మా. ముందు తర్జనభర్జన జరగాలి."

"అంటే ఏమిటక్కా?"

"అందరం కూర్చుని మంచీచెడ్డా ఆలోచించడం."

ఆ మాట బాతుకు ఎంతో నచ్చింది. తన గుడ్ల కోసం ఇంతమంది ఆలోచిస్తారు కదా అనుకుని, వెళ్లి అందరి వెనకా ఒద్దికగా కూర్చుంది.

రాళ్లు పెట్టాలంది పుంజు. ముళ్లకంప మేలంది గిన్నికోడి. "నా మాటకు అడ్డొస్తావా?" అని పుంజు మెడ ఈకలు నిక్కబొడిచింది. ఎవరు పెద్దో తేలేసరికి ఎండ నడినెత్తికొచ్చింది.

బాతు తిరిగివచ్చి చూస్తే గడ్డిలో రెండు గుడ్లే మిగిలాయి. పక్కన పగిలిన పెంకులున్నాయి. అది కాసేపు ఏడ్చింది. తర్వాత ఎవరినీ అడక్కుండా ముక్కుతో బురద తెచ్చి కన్నం పూడ్చేసింది.

మిగిలిన గుడ్లు పిల్లలయ్యాయి. వానల్లో దడి ఇంకోచోట ఒరిగింది.

"రా చెల్లీ, తర్జనభర్జన మొదలవుతోంది," అని పిలిచింది ఎర్రకోడి.

"మీరు కానివ్వండక్కా," అంది బాతు. "మీది అయ్యేలోపు నేను దడి నిలబెట్టి వస్తాను."