తడీ పొడీ

పత్తి వ్యాపారి నాగరత్నయ్య శెట్టి మనవరాలిని చంకనెత్తుకుని, మధ్యాహ్నపు ఎండలో ప్రొద్దుటూరు బాలవాడికి ఊడిపడ్డాడు. కొత్త రాష్ట్రం వచ్చిన రెండో ఏట తెరిచిన పసిపిల్లల బడి అది.

పిల్లలను చూసుకునే ఖమర్‌బీ ముందు పాత చీరముక్కలతో కుట్టిన సంచులున్నాయి. ఒకదాంట్లో చింతగింజలు, ఒకదాంట్లో పెన్నా ఇసుక, ఇంకోదాంట్లో పత్తి. కళ్లు మూసుకుని చెయ్యి పెట్టాలి. ఏముందో, తడో పొడో చెప్పాలి. అదే ఆట.

“అ ఆలు నేర్పమని పంపిస్తే ఇసుక పిసికిస్తాండావా?” శెట్టి ఒక సంచిని కాలితో తన్నాడు. “రేపట్నుంచి ఈ ఆట ఆడించినావంటే నీ పని పోతాది.”

ఖమర్‌బీ లేవలేదు. చెదిరిన చింతగింజలు ఏరి మళ్లీ సంచిలో పోసింది.

“పోతే పోనీ అప్పా. అ ఆలు యాడికీ పోవు. ఈ వయసులో వేళ్లకు నేర్పకుంటే ఇంకెప్పుడు నేర్పేది? నేను ఆపను.”

“ఈ ఆటతో ఏమొస్తాదంట?”

“ఏమొచ్చిందో నీకు తెలుసు. ఊరకే అంగడి మూసుకోని వస్తావా?”

శెట్టి చంకలోని పిల్ల వైపు చూశాడు. పొద్దున అంగట్లో, పత్తి కొనడానికి వచ్చిన బొంబాయి దళారి ఎదుటే, ఈ పిల్ల కళ్లు మూసుకుని పత్తి నింపిన గోనె బోరెంలో చెయ్యి పెట్టింది. తూకం పెరగాలని తాత చల్లించిన నీళ్లు వేళ్లకు తగిలాయి. “తడి!” అని ఆట గెలిచినట్టు అరిచింది. దళారి లేచి వెళ్లిపోయాడు.

ఇప్పుడు పిల్ల చంకలోంచి జారి దిగింది. కళ్లు మూసుకుని పత్తి సంచిలో చెయ్యి పెట్టింది.

“తాతా, ఈడ పొడిగుండాది.”