సామాన్లకాడి మనిషి

"గా సంచి దించు" అన్నాడు సదానందం, కిరాయి తుఫాను జీపు తలుపుకు అడ్డంగా నిలబడి.

ఆయన భార్య కోమల దించలేదు. గొడ్ల కొట్టంలోంచి అప్పుడే మోసుకొచ్చిన యూరియా సంచిని చంకలో ఇంకాస్త బిగించి పట్టుకుంది. బరువుకు ఒక భుజం కిందికి వంగిపోయింది.

బండి అప్పటికే నిండింది. చాప, రెండు మడత కుర్చీలు, నీళ్ల క్యాను, సర్వపిండి డబ్బా, పులిహోర పెట్టిన టిఫిన్ క్యారియరు, పెద్ద గొడుగు, అందరి బట్టల సంచులు. అన్నీ సర్దింది కోమలే. ఎవరి తువ్వాల ఎక్కడుందో, సదానందం బీపీ గోలీలు ఏ జేబులో ఉన్నాయో ఆమెకు తప్ప మరొకరికి తెలియదు. అయినా ఆమె తన కోసం ఒక్క సంచి తెచ్చుకుంటే మాత్రం ఇంటిల్లిపాదికీ బరువైపోయింది.

కరీంనగర్ నుంచి బాపట్ల సముద్రానికి పోయేది ఒక్కరోజు కోసం, ఇంత బరువు దేనికని సదానందం గొణిగాడు. కూతురు భూమిక సంచిని నొక్కి చూసింది. పైన పాత ఆకుపచ్చ చీర మెత్తగా తగిలింది, లోపల ఏదో గట్టిగా ఉంది. రోలు తెస్తున్నట్టుంది అని నవ్వింది. సదానందం అక్క ఎల్లక్క అప్పటికే కిటికీ పక్క సీటు పట్టేసింది. సముద్రానికి పోతూ రోలెందుకని అక్కడినుంచే దెప్పింది.

"జర చెప్పరాదే, ఏమున్నది అండ్ల?" అన్నాడు సదానందం.

"నా సామాను."

"నీకేం సామానే? నువ్వు నీళ్లల్లకు దిగేది లేదు, తానం జేసేది లేదు. సామాన్లకాడ కూసునేదానివి."

నిజమే, ఆ ఇంటివాళ్లు ఏ నీళ్లకు పోయినా ఒడ్డున చెప్పులకూ ఫోన్లకూ కాపలా కోమలదే. బాసరకు మూడుసార్లు పోయింది. మూడుసార్లూ గోదావరి ఆమె దగ్గరికి సీసాలోనే వచ్చింది. భూమిక ఆ నీళ్లు నాలుగు చుక్కలు నెత్తిన చల్లితే, అదే స్నానమనుకుని సరిపెట్టుకుంది. ఇక సరిపెట్టుకునేది లేదు. సముద్రంలో నిండా మునగాలి. ఎవరేమన్నా సరే మునగాలి.

"సంచి దిగితే నేను గూడ దిగుత" అంది. "గోలీలు ఏడున్నయో, తువ్వాలలు ఏడున్నయో మీరే ఎతుక్కోన్రి."

డ్రైవరు హారన్ కొట్టాడు. సదానందం గోలీల సంగతి ఆలోచించుకుని పక్కకు జరిగాడు.

దారి పొడుగునా ఆ సంచి కోమల కాళ్ల మధ్యే ఉంది. చాయ్‌కి బండి ఆపినా ఆమె దాన్ని వదిలి దిగలేదు.

తెల్లవారి సముద్రం దగ్గర ఇసుకలో నడక మొదలైంది. తలా ఒకటి అందుకున్నారు. నీళ్ల క్యాను మామూలుగానే కోమల చేతికొచ్చింది. రెండో చంకలో యూరియా సంచి. చీలమండల దాకా ఇసుకలో దిగబడుతూ, నాలుగడుగులకోసారి ఆగుతూ నడిచింది. భూమికకు జాలేసి సంచి అందుకోబోయింది.

"వద్దు బిడ్డా. ఇది నేనే మొయ్యాలె."

లోతుంది, జాగ్రత్త అని రాసిన బోర్డు ఒకటి ఇనుప స్తంభానికి బిగించి ఉంది. చాప దాని పక్కనే పరవమంది కోమల. నీడలేని చోటు ఎందుకని సదానందం అడ్డం పడ్డాడు. గొడుగు తెచ్చింది దేనికి అని ఆమె చాప పరిచేసింది. ఫోన్లు, పర్సులు, సదానందం కళ్లద్దాలు అన్నీ ఒకే జిప్పు సంచిలో వేయించింది. ఇంత బుద్ధిగా సర్దుతున్న భార్యను చూసి, బండి దగ్గరి పంతం దిగిపోయిందనుకున్నాడు సదానందం.

ఎల్లక్క నీళ్ల వైపు నడుస్తూ వెనక్కి తిరిగింది.

"కోమలా, గీడ కుక్కలు తిరుగుతున్నయి. కన్ను మూయకు."

కోమల తలూపింది.

గంటసేపు మోకాళ్ల లోతు నీళ్లలో ఎగిరాక సదానందం ఆకలేసి ఒడ్డుకొచ్చాడు. చాప మీద కోమల లేదు. యూరియా సంచి ఖాళీగా మడతపెట్టి ఉంది. సామాన్లు గాలికొదిలేసి ఎటు పోయిందో అని తిట్టుకుంటూ, ముందు తుడుచుకుందామని బట్టల సంచి లాగాడు. అది రాలేదు. గట్టిగా గుంజితే కుర్చీలు, క్యారియరు, మిగతా సంచులు అన్నీ కలిసి కదిలాయి.

వంగి, కళ్లు చికిలించి చూశాడు. నిరుడు అమ్మేసిన బర్రెను కట్టేసే ఇనుప గొలుసు. ఒక్కో సంచి పిడిలోంచి దూరి, క్యారియరు పిడిలోంచి పోయి, జిప్పు కొసలను కలుపుకుని, బోర్డు స్తంభానికి రెండు చుట్లు చుట్టుకుని ఉంది. చివర కొట్టం తలుపుకు వేసే తాళం.

సదానందం సముద్రం వైపు తిరిగాడు. ఇందాకటి నుంచి అందరికన్నా లోపల ఒక ఆకుపచ్చ చీర అలలకు ఎదురుపోతూ కనిపిస్తోంది. కళ్లద్దాలు లేక, ఎవరో ధైర్యంగల ఆడమనిషి అనుకున్నాడు. ఇప్పుడు అటునుంచి నవ్వు వినబడింది. అది ఆయనకు బాగా తెలిసిన గొంతే.

"తాళంచెవి ఏదే?" అని కేకేశాడు.

కోమల మెడలోని పుస్తెలతాడు పైకెత్తింది. దాని చివర పుస్తెలతో పాటు ఇంకేదో ఎండకు తళుక్కుమంది.

"నా కాడనే ఉన్నది, ఫికర్ జెయ్యకు" అంది. "నేనచ్చేదాక నువ్వు జర సామాన్లకాడ కూసో."